బాణాలు విప్పే మనిషి

వ్రైబ్రూక్ పార్కులో గులాబీ తోట చుట్టూ మా నడక క్లబ్బు వాళ్లు మూడుసార్లు తిరిగారు. మూడో చుట్టులో గానీ, ఈ కొమ్ము విరిగిన రాతి మేకని ఇందాక చూశాం కదా అని ఒకావిడకి అనుమానం రాలేదట. దాదాపు రెండు వందల మంది, అందరూ చదువుకున్నవాళ్లే, సగం మంది జేబుల్లో ఫోన్లున్నాయి. అయినా ఒక్కరూ తలెత్తి చూడలేదు. మా ఊళ్లో ఆదివారం నడకంటే అంతే. శనివారం ఒకడు వెళ్లి దారి పొడవునా స్తంభాలకీ కమ్మీలకీ బాణాలు కట్టి వస్తాడు, మర్నాడు మిగతావాళ్లంతా వాటి వెంట పోయి, చివర క్లబ్బు పెట్టే సూపు తాగి, నడక పుస్తకంలో ముద్ర వేయించుకుంటారు. బాణం కాలవలోకి చూపిస్తే బూట్లు విప్పి చేత పట్టుకుని దిగుతారు గానీ, ఇదేమిటని అడగరు. గొర్రెదాటు అని ఊరికే అన్నారా? మా మెఖెలెన్ ఊరివాళ్లకిది కొత్త కూడా కాదు. పూర్వం ఒక రాత్రి పొగమంచులో చంద్రుడు ఎర్రగా మెరిస్తే, రొంబౌట్ చర్చి గోపురం తగలబడిపోతోందని ఊరంతా బకెట్లు పట్టుకుని పరిగెత్తింది. చంద్రుణ్ణి ఆర్పబోయినవాళ్లు అని పక్క ఊళ్లవాళ్లు మమ్మల్ని ఇప్పటికీ ఎగతాళి చేస్తారు. ముందు పరిగెత్తి తర్వాత ఆలోచించడం మాకు తాతలిచ్చిన ఆస్తి.

గులాబీ తోటలో ఆ బాణాలు కట్టింది మా అన్నయ్య గొమ్మార్.

రైల్వే వర్క్‌షాపులో బోగీల కింద వెల్లకిలా పడుకుని బోల్టులు బిగించడం రిటైరయ్యేదాకా ఆయన ఉద్యోగం. నడకకి దారి కట్టడం ఆయన ప్రాణం. క్లబ్బు పుట్టినప్పటి నుంచీ ఆ పని ఆయనదే. పల్చటి చెక్క ముక్కలు కోసి, పసుపు రంగు వేసి, నల్లగా బాణం దిద్ది, చిల్లు పెట్టి తాడు దూర్చినవి మా షెడ్డులో పెట్టెలకొద్దీ ఉన్నాయి. మేకు కొట్టడు, చెట్టుకి నొప్పి. తాడు కోయడు, ముడి విప్పుతాడు. బాణం మలుపు దగ్గర కాదు, మలుపుకి ముందు కట్టాలంటాడు. మనిషికి కాలికంటే ముందు కన్ను తిరగాలట. నడక రోజున అందరికంటే చివర నడిచేదీ ఆయనే, బాణాలన్నీ విప్పుకుంటూ. నడక అయిపోయాక వీధిలో ఒక్క బాణం మిగిలినా అది అబద్ధం చెప్పినట్టే అనేవాడు. అలాంటి మనిషి గులాబీ తోటలో బాణాలని గుండ్రంగా కట్టి, ఇంటికొచ్చి హాయిగా నిద్రపోయాడు.

ఆ తర్వాత క్లబ్బు అధ్యక్షురాలు మాక్తెల్ట్ మా ఇంటికి ఆపిల్ టార్ట్ పట్టుకొచ్చింది. అందులో రెండు ముక్కలు తానే తిని, గొమ్మార్‌కి ఇక విశ్రాంతి ఇద్దాం లియొంటీన్ అని మెల్లగా చెప్పింది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నా నోరు మంచిది కాదని ఊళ్లో అందరికీ తెలుసు, ఆరోజు ఆమెకి ఇంకోసారి తెలిసింది. నా సభ్యత్వం కూడా తీసేసుకోమన్నాను, టార్ట్ మిగతాది డబ్బాతో సహా చేతికిచ్చాను. క్లబ్బు నుంచి ఆ తర్వాత ఏ సందేశం వచ్చినా తెరవకుండానే చెరిపేశాను. ఆ మరుసటి నెలలో డాక్టరమ్మ జబ్బు పేరు చెప్పింది. ఆ పేరు నేను మా ఇంట్లో పలకను.

విశ్రాంతి ఇచ్చారు గానీ, ఆయన కాళ్లకి ఎవరు ఇచ్చారు? ఆ రోజు నుంచి అన్నయ్యకి కాలు నిలవలేదు. నెక్కర్‌స్పూల్ పేటలో రైలు పట్టాల పక్కన మాది సన్నటి ఇల్లు. నా మొగుడు పోయాక నేనూ, అసలు పెళ్లే చేసుకోని ఆయనా అందులో ఉంటున్నాం. వంటింట్లోంచి వీధి గుమ్మానికీ, వీధి గుమ్మంలోంచి వంటింట్లోకీ కాలుగాలిన పిల్లిలా తిరిగేవాడు. తలుపు తీస్తే చాలు, వెళ్లిపోయేవాడు. వెళ్లి ప్రతి స్తంభం వంకా చూసేవాడు. బాణం కనిపించకపోతే మలుపు తిరగడు, ఏదో ఒకటి అడ్డం వచ్చేదాకా తిన్నగా పోతూనే ఉంటాడు. ఒకసారి ల్యూవెన్ కాలవ గట్టు వెంట పోయి పోయి, ఎవరో సైకిలాయన కంట పడ్డాడు. ఇంకోసారి మౌజెన్ పల్లె వైపు డైలె నది ఒడ్డున చీలమండల దాకా నీళ్లలో నిలబడి దొరికాడు. ఇక్కడ వంతెన ఉండాలే అంటున్నాడట.

మా తమ్ముడు లూడో దానికే బెదిరిపోయాడు. లూడో చెడ్డవాడు కాదు, భయస్తుడు, అంతే. నది ఒడ్డున దొరికిన రోజు సాయంత్రం నా వంటింట్లో కూర్చుని నా కళ్లలోకి చూస్తూ అన్నాడు.

"అక్కా, రెండుసార్లు దేవుడు కాపాడాడు. మూడోసారి పేపర్లో చదువుకుంటాం. ఇంకొక్కసారి తప్పిపోతే, వృద్ధాశ్రమంలో చేర్చడానికి నువ్వు అడ్డం చెప్పనని మాటివ్వు."

అలిసిపోయి ఉన్నాను. ఇచ్చేశాను.

వాడు చూసిపెట్టిన ఆశ్రమానికి నన్నూ తీసుకెళ్లాడు. శుభ్రంగా ఉంది, నర్సులు మంచివాళ్లు, కాఫీ కూడా బాగుంది. అన్నయ్య లాంటి వాళ్లుండే విభాగం తలుపు అంకెలు నొక్కితే గానీ తెరుచుకోదు. లోపల నడవాని గుండ్రంగా కట్టారు. నడవాలనిపించినవాళ్లు నడుస్తారు, ఎంత నడిచినా మొదలెట్టిన చోటికే వస్తారు, ఎవరూ తప్పిపోరు అని వాళ్లు గర్వంగా చూపించారు. కోటు వేసుకున్న పెద్దాయన ఒకడు ఆ కాసేపట్లోనే మా ముందు నుంచి ఎన్నిసార్లు పోయాడో. ప్రతిసారీ టోపీ ఎత్తి కొత్తవాళ్లకి చెప్పినట్టు నమస్కారం చెప్పాడు. అన్నయ్యకి గులాబీ తోట జన్మంతా చుట్టమని శిక్ష వేసినట్టుంది నాకు.

బాణాల ఆలోచన నాది కాదు, ఎవరో మరిచిపోయిన బాణానిది. ఒకరోజు అన్నయ్య వెనకాలే కాస్త దూరంగా నడుస్తున్నాను. చేపల మార్కెట్ దగ్గర దీపస్తంభానికి ఏదో వేరే ఊరి క్లబ్బు వాళ్లు వదిలేసిన బాణం వేలాడుతోంది. అన్నయ్య దాన్ని చూశాడు. భుజాలు దిగాయి, మొహంలో తొందర పోయింది, అడుగు మామూలు అడుగైంది, బాణం చెప్పిన వైపు తిరిగాడు. అన్ని నెలల్లో ఆయన అంత ప్రశాంతంగా కనిపించడం అదే మొదలు. నేను అక్కడే చేపల కొట్టు ముందు నిలబడి ఏడ్చాను, కొట్టువాడు ఏం కావాలని అడిగితే రెండు చేపలు కొనుక్కున్నాను.

ఆ వారమే షెడ్డులోంచి పెట్టె దించాను. ఆయన చెప్పిన పద్ధతులన్నీ గుర్తు తెచ్చుకుంటూ, మా గుమ్మం నుంచి మా గుమ్మం దాకా ఒక దారి కట్టాను. స్టేషన్ కింద నుంచి, పెద్ద బజారు మీదుగా, చేపల మార్కెట్ దాటి, డైలె మీద తేలే చెక్క బాట వెంట, మూలికల తోటలోకి. తోట వెనక గేటు దగ్గర నది వైపు పోకుండా ఎడమకి తిప్పి, మళ్లీ నెక్కర్‌స్పూల్‌కి. ఊళ్లో ఇలా రోజుల తరబడి బాణాలు ఉంచకూడదు, నడక అయిన వెంటనే తీసేయాలని నగరపాలక వాళ్ల నియమం. కొన్ని మరీ కనపడకుండా కట్టాను. ఆయనకి మాత్రం కనపడేవి.

పని చేసింది. పొద్దున్నే కోటు వేసుకుని వెళ్లేవాడు, సూపు పొయ్యి మీద కుతకుతమనే వేళకి గుమ్మంలో బూట్లు దులుపుకునేవాడు. మొదటి రోజుల్లో వెనకాలే వెళ్లాను, తర్వాత కిటికీ దగ్గర నిలబడ్డాను, ఆ తర్వాత కూర్చోవడం కూడా నేర్చుకున్నాను. లూడోకి మాత్రం చెప్పలేదు. చెప్తే వద్దంటాడు.

ఏప్రిల్ చివర్లో ఆశ్రమంలో ఒక గది ఖాళీ అయింది. సోమవారంలోగా అవునో కాదో చెప్పాలి. ఆ మాట మాట్లాడడానికే లూడో ఆదివారం పొద్దున గుండ్రటి రొట్టెల సంచీతో దిగాడు. రెండుసార్లే కదా, మూడోసారి కాలేదు కదా అని నేను, గది మళ్లీ దొరకదని వాడు. మాటా మాటా పెరిగి, చల్లారి, కాఫీ పోసుకున్నాం. అప్పుడు వాడు చుట్టూ చూసి అన్నయ్య ఏడని అడిగాడు. నడకకి వెళ్లాడు, వచ్చేస్తాడు అన్నాను. కిటికీలోంచి చూశాను. వచ్చే వేళ దాటిపోయింది.

గంట మోగింది. ప్రాణం లేచొచ్చి తలుపు తీశాను. గుమ్మంలో అన్నయ్య కాదు, వానకోటు వేసుకున్న ఒక పొడుగాటాయన ఉన్నాడు, మోకాళ్ల దాకా బురద.

"సూపు ఇక్కడేనా అండీ?" అన్నాడు.

ఆయన వెనక ఇంకా మనుషులున్నారు. వాళ్ల వెనక ఇంకా. వీధి మలుపు దాకా వరస కట్టి ఉన్నారు, అందరి చేతుల్లో కర్రలు, అందరి మెడల్లో మా క్లబ్బు బిళ్లలు. ఒకావిడ బాత్రూం ఎటని అడుగుతూ నా పక్క నుంచి లోపలికి దూరిపోయింది. ఇంకొకాయన నడక పుస్తకం తెరిచి ముద్ర వేయమన్నాడు. ఇల్లు కాలి ఒకడు ఏడుస్తుంటే చుట్టకి నిప్పడిగాడట ఇంకొకడు. నేను ఆ పొడుగాయన కోటు పట్టుకుని, ఈరోజు నడక ఏమిటయ్యా అని అడిగాను. మార్చిలో వరదొచ్చి ఆగిపోయింది కదండీ, ఇవాళ్టికి మార్చారు, అందరికీ సందేశం పంపారుగా అన్నాడు. నేను చెరిపేసిన సందేశం అది. దారి ఎటు అంటే, నది వెంట మౌజెన్ దాకా అనుకున్నాం, బాణాలు ఇటు తెచ్చాయి అన్నాడు.

నాకంతా ఒక్కసారి అర్థమైంది, లేదా అర్థమైందనుకున్నాను. ఊళ్లో రెండు దారుల బాణాలున్నాయి. తోట గేటు దగ్గర రెండూ విడిపోతాయి. వీళ్లు నా బాణాలు పట్టుకుని నా ఇంటికొచ్చారంటే, మా అన్నయ్య వీళ్ల బాణాలు పట్టుకుని నది వైపు పోయాడన్నమాట. ఆయన్ని తప్పిపోకుండా కట్టిన దారే ఆయన్ని నీళ్ల దగ్గరికి తోసింది.

లూడో అప్పటికే ఫోను తీశాడు. పోలీసులకి చెప్తానన్నాడు.

"కాసేపు ఆగరా. నేను సైకిలు మీద వెళ్లి ఎదురొస్తాను."

"అక్కా, మాటిచ్చావు."

"తప్పిపోతే అని ఇచ్చాను. ఇంకా తప్పిపోలేదు, ఆలస్యమయ్యాడు."

వాడు నా వంక చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. కోపం లేదందులో, జాలి. అది ఇంకా భరించలేకపోయాను. ఈ జనానికి ఆ సూపేదో పొయ్యరా అని చెప్పి సైకిలు తీశాను.

రోడ్డు వెంట అడ్డదారిన మౌజెన్ వెళ్లి, అక్కణ్ణుంచి నది గట్టు మీద వెనక్కి వస్తే ఆయన ఎదురవుతాడని నా లెక్క. ముందు దారిలో ఉన్న వంతెన దగ్గర గట్టెక్కి చూశాను. కనుచూపు మేర ఎవరూ లేరు. నడక రోజున గట్టు మీద చీమల బారులా జనం ఉండాలి, ఒక్కడంటే ఒక్కడు లేడు. క్లబ్బు వాళ్ల కొత్త బాణాలు, ప్లాస్టిక్ పూసిన అట్టలు, కంచె గుంజలకి ఊగుతున్నాయి. అన్నీ మలుపు దాటాక కట్టి ఉన్నాయి. జంతుశాల నుంచి వచ్చిన కొంగలు పొలంలో నిలబడి ఉన్నాయి. నీళ్లు నిండుగా, మట్టి రంగులో, చప్పుడు చేయకుండా పోతున్నాయి. నేను నీళ్ల వైపు చూడకూడదనుకుంటూ చూస్తూనే ఉన్నాను. కోటు రంగులో ఏది కనిపించినా సైకిలు ఆగిపోయేది. ఒకచోట అది తడిసిన సంచీ, ఇంకోచోట మొద్దు.

మౌజెన్‌లో క్లబ్బు వాళ్లు సూపు పెట్టే హాలుకి వెళ్లి అడగడమే మిగిలింది. తలుపు తీసేసరికి, వరసగా మూడు పెద్ద గిన్నెల్లో టమాటా సూపు ఆవిర్లు కక్కుతోంది, ఖాళీ బల్లల మధ్య మాక్తెల్ట్ గరిటె పట్టుకుని నిలబడి ఉంది.

"ఒక్కడూ రాలేదు. నా నడకకి శాపం గానీ పెట్టావా లియొంటీన్?" అంది.

అన్నయ్య కనపడటం లేదన్నాను. ఆమె గరిటె కింద పెట్టింది. నా మీద ఎంత కోపమున్నా మనిషి మనిషే, కోటు వేసుకోబోయింది. అంతలో మా ఇంటికి చేరినవాళ్లలో ఎవరో ఆమెకి ఫోన్ చేశారు. విన్నది, మళ్లీ చెప్పమంది, మళ్లీ విన్నది. తర్వాత బల్ల మీద కూర్చుండిపోయి నాకు చెప్పింది. తోట వెనక గేటు దగ్గర ఒక బాణం నది వైపు, ఒక చెక్క బాణం ఎడమకి ఉంటే జనం తికమకపడి గుంపుగా ఆగిపోయారట. అక్కడ గొమ్మార్ నిలబడి ఉన్నాడట. చెయ్యి చాపి అందర్నీ ఎడమకి పంపాడట.

"శనివారం కట్టినవాడు ఆ చెక్కవి చూశాడట, మనవే కదా అని వదిలేశాడు. వీళ్లేమో గొమ్మార్ చెప్పాడు కాబట్టి వెళ్లామంటున్నారు," అంది మాక్తెల్ట్.

నాకు నవ్వొచ్చింది, నవ్వు మధ్యలో ఏడుపొచ్చింది. ఆయన పని ఊడబీకిందీ వాళ్లే. ఆయన చెయ్యి చూపిస్తే మారుమాట లేకుండా వెళ్లిందీ వాళ్లే. మరి అందరూ వెళ్లాక ఆయన ఎటు పోయాడని అడిగాను. అది ఎవరూ చూడలేదు. వెళ్లినవాళ్లెవరూ వెనక్కి తిరగలేదు, బాణాలు ముందుకే ఉంటాయి కదా.

మిగతా గట్టంతా తొక్కుకుంటూ తోట గేటు దగ్గరికి వచ్చాను. అక్కడ ఎవరూ లేరు. నది వైపు చూపించే అట్ట బాణం లేదు. నా చెక్క బాణమూ లేదు. ఎడమకి తిరిగి తర్వాతి స్తంభం చూశాను, బోసిగా ఉంది. దాని తర్వాతిది కూడా. నగరపాలక వాళ్లో, కోపమొచ్చిన ఎవరో ఇంటాయనో అన్నీ పీకేశారనుకున్నాను. పీకినవాడు తాళ్లు కోసి వదిలేస్తాడు, ఇక్కడ తాడు ముక్క కూడా లేదని నాకు అప్పుడు తట్టలేదు. నాకు తట్టింది ఒక్కటే, ఆయనకిప్పుడు దారి లేదు. బాణం లేకపోతే తిన్నగా పోతాడు. తిన్నగా పోతే ఎక్కడిదాకా పోతాడు?

సైకిలు తోసుకుంటూ ప్రతి సందు మొగలోనూ అన్నయ్యా అని అరిచాను. ఆదివారం మధ్యాహ్నం, తెరలు కదిలాయి, ఒక కుక్క జవాబిచ్చింది. నా మీద నాకే అసహ్యం వేసింది. ఆశ్రమం వాళ్లకి తెలివుంది, తలుపుకి అంకెలు పెట్టారు. నేను మాత్రం చెక్కముక్కలకి తాళ్లు కట్టి, పెద్ద ఘనకార్యం చేశాననుకుని సూపు కాచుకుంటూ కూర్చున్నాను. స్టేషన్ కింద సొరంగంలోకి వచ్చి సైకిలు ఆపాను. గోడకి ఆనుకుని దేవుడితో బేరం పెట్టాను. ఆయన దొరికితే చాలు, ఆ గుండ్రటి నడవాలోనే తిరగనీ, నేనే చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి దింపుతానని. పైన రైలు వెళ్లింది, నా మాట నాకే వినపడలేదు.

మా వీధిలో ఇంకా పదిమంది దాకా గోడల మీద కూర్చుని బూట్లు ఆరబెట్టుకుంటున్నారు. గుమ్మంలో లూడో నా ఏప్రన్ కట్టుకుని నిలబడి ఉన్నాడు. వాడి మొహం చూసి నేను సైకిలు వదిలేశాను, అది కింద పడింది. వాడు పక్కకి తప్పుకున్నాడు.

అన్నయ్య బల్ల దగ్గర తన కుర్చీలోనే ఉన్నాడు. ముందు ఖాళీ సూపు పళ్లెం, మీసానికి టమాటా. బల్ల మీద, కుర్చీ మీద, కింద నేల మీద బాణాలు. నా చెక్కవి ఒక దొంతి, క్లబ్బు వాళ్ల అట్టవి ఒక దొంతి. తాళ్లన్నీ చుట్టలు చుట్టి ఉన్నాయి. ఆయన మొహంలో పని పూర్తి చేసినవాడి తృప్తి ఉంది.

"చివరివాళ్లు కూడా వచ్చేశారమ్మడూ. వాళ్ల వెనకే అన్నీ విప్పుకొచ్చాను, ఒక్కటి మిగల్లేదు," అన్నాడు.

నేను ఆయన భుజం పట్టుకున్నాను, కోటు తడిగా ఉంది. ఒక్కటి కూడానా అన్నయ్యా అని అడిగాను. గుంపు వెళ్లాక స్టేషన్ వైపు వెనక్కి పోయి, మొదటి నుంచీ విప్పుకొచ్చానన్నాడు. నడక అయిపోయింది కదా, ఉంచితే అబద్ధం అవుతుందన్నాడు. తర్వాత ఒక చెక్క బాణం ఎత్తి చూపించి, ఇవెవరు కట్టారో గానీ బొత్తిగా పని రానివాళ్లు, చేపల మార్కెట్ దగ్గర మలుపు మీదే కట్టారన్నాడు. లూడో నా వంక చూశాడు. వాడికి అప్పుడు అర్థమైంది, ఆ చెక్క బాణాలు ఎవరు కట్టారో, ఎన్నాళ్ల నుంచి ఉన్నాయో.

వాడు అరుస్తాడనుకున్నాను. వాడు కుర్చీ లాక్కుని కూర్చుని, ఏప్రన్ అంచుతో కళ్లు తుడుచుకున్నాడు. వచ్చినవాళ్ల నడక పుస్తకాలన్నింట్లో ముద్ర లేక తన సంతకమే చేశాడట, చెయ్యి నొప్పిగా ఉందన్నాడు. తర్వాత అన్నాడు.

"ఇది మూడోసారి కాదక్కా. తప్పిపోయింది నువ్వు. ఆయన ఇంటికొచ్చాడు."

సోమవారం వాడే ఆశ్రమానికి ఫోన్ చేసి గది వద్దన్నాడు. ఇప్పటికి వద్దు అన్నాడు, ఆ మాట నేను పక్కనే ఉండి విన్నాను. సొరంగంలో బేరం సంగతి వాడికి చెప్పలేదు. దేవుడు కూడా మెఖెలెన్‌లో ఉన్నవాడే కదా, ఒకసారి తొందరపడ్డదాన్ని పట్టించుకోడని నా నమ్మకం.

కానీ ఆ ఆదివారం రాత్రే బల్ల మీద బాణాల దొంతి చూస్తూ కూర్చుంటే ఇంకో సంగతి తెలిసింది. ఊళ్లో ఆయనకిప్పుడు దారి లేదు. ఆయనే విప్పేశాడు. నేను మళ్లీ కడితే మళ్లీ విప్పుతాడు, ఎందుకంటే విప్పడం ఆయనకి మళ్లీ గుర్తొచ్చింది. జబ్బు అన్నీ తీసుకుపోయి దాన్ని మాత్రం వెనక్కిచ్చింది. అంటే ఈ దారి ఒక్కసారి కట్టి కిటికీ దగ్గర కూర్చునేది కాదు.

మర్నాడు తెల్లవారకముందే లేచి, సంచీ భుజాన వేసుకుని బయల్దేరాను. నేను ముందు కట్టుకుంటూ వెళ్లాను. ఒక వీధి వెనకగా ఆయన విప్పుకుంటూ వచ్చాడు. అప్పటి నుంచీ రోజూ ఇదే పని. వానైనా, ఎండైనా, చెక్క బాట మీద మంచు కరిగి జారుతున్నా ఇదే. నగరపాలక సంస్థ కుర్రాడొకడు ఒకసారి నన్ను ఆపి బాణాలు ఉంచకూడదని చెప్పబోయాడు. నేను వెనక్కి చూపించాను, అన్నయ్య అప్పటికే రెండు స్తంభాలు ఖాళీ చేసి వస్తున్నాడు, వాడు బుర్ర గోక్కుని వెళ్లిపోయాడు. క్లబ్బు నుంచి మాక్తెల్ట్ మంగళవారాలు వచ్చి నా బదులు కడుతుంది. నేను పోనీలే అని ఊరుకుంటాను. నా మోకాళ్లు అరిగిపోతున్నాయి. ఇవి ఆగిపోయిన రోజు ఆయన దారీ ఆగిపోతుంది, లూడో "ఇప్పటికి" అన్నది దాని గురించే. ఆ సంగతి తెలిసే నడుస్తున్నాను.

రోజూ ఇంటికొచ్చాక అన్నయ్య బాణాల కట్ట నా చేతికిస్తాడు. ఇచ్చి కాసేపు గుమ్మంలోనే నిలబడతాడు, బూట్లు విప్పకుండా, వీధి వైపు చూస్తూ. అప్పుడు మళ్లీ ఆ తొందర ఆయన మొహంలోకి వస్తుంది.

"రేపు ఎవరైనా కడతారంటావా?"

"కడతారు అన్నయ్యా."

"మలుపుకి ముందు కట్టమని చెప్పు."

"చెప్తాను," అని, ఆయన కోటు విప్పుతాను.